ఊయల మీద టార్ప్: సిల్‌నైలానా, సిల్‌పాలియెస్టరా?

చెట్ల మధ్య కట్టుకుని పడుకునే ఊయల మీద వాన పడకుండా కప్పే గుడ్డ పైకప్పే టార్ప్. దాన్ని సొంతంగా కుట్టుకుందామనుకుంటే మొదటి తగువు గుడ్డ దగ్గరే. సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూత పూసిన నైలాన్, గట్టిది, చిరుగు అంత తేలిగ్గా పాకదు. కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన టార్ప్ అర్ధరాత్రి వానకి వదులై, ఊయల మీదికి పొట్టలా వేలాడుతుంది. నిద్రలోంచి లేచి తాళ్లు మళ్లీ లాగి కట్టాలి. అదే పూత పూసిన పాలియెస్టర్, అంటే సిల్‌పాలియెస్టర్‌తో ఆ టెన్షన్ ఉండదు. నీళ్లు పెద్దగా పీల్చదు, కట్టినట్టే నిలబడుతుంది. అదే బరువులో బలం కాస్త తక్కువ, అంతే. మొదటి టార్ప్‌కైతే నా ఓటు దీనికే.

కుట్టేటప్పుడు రెండింటితోనూ ఒకటే బాధ: మిషన్ కింద చేపల్లా జారిపోతాయి. గుండుసూదులు గుచ్చితే చిల్లులు మిగులుతాయి, క్లిప్పులు మేలు. రెండు ముక్కలు కలిసే నడుమ అతుకు అంచులు లోపలికి మడిచి, రెండు వరసలు కుట్టి, కుట్లలోంచి నీళ్లు కారకుండా సిలికాన్ సీలర్ పూయాలి. అతుకుల మీద అంటించే మామూలు సీమ్ టేప్ ఈ గుడ్డకి పట్టదు.