కనిగిరి పల్లెల్లో ఆరు వారాలు: ఒక వేసవి ఇంటర్న్‌షిప్‌పై సమీక్ష

ఒక స్వచ్ఛంద సంస్థ విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి కనిగిరి ప్రాంతంలో నిర్వహించిన ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌ను మే, జూన్ నెలల్లో పూర్తిచేశాను. ప్రజారోగ్యంలో పీజీ చదువుతున్న నెల్లూరు జూనియర్లు దీని గురించి అడుగుతున్నందువల్ల వివరంగా రాస్తున్నాను. చేరవచ్చు, కానీ డబ్బు కట్టేముందు సంస్థను ఒక మాట అడిగి తీరాలి.

అధ్యయనాంశం ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీరు తాగడంవల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే వ్యాధి. మన దేశంలో ఈ వ్యాధిపై తొలి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. కనిగిరి, పొదిలి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉండేవి. భూమిలోపలి రాతిపొరల నుంచి ఫ్లోరైడు బోరునీటిలోకి కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలోని ఇథియోపియా, కెన్యా పల్లెలదీ ఇదే బాధ. వారానికోసారి అక్కడి పరిస్థితిపై జరిగిన వీడియో పాఠాల్లో, ఎముకల బొగ్గుతో నీటిని శుద్ధి చేసే వారి పద్ధతిని, పటిక, సున్నంతో చేసే మన నల్గొండ పద్ధతిని పక్కపక్కన పెట్టి చర్చించాము. ఈ భాగం నిజంగా అంతర్జాతీయ స్థాయిలో ఉంది.

క్షేత్రస్థాయి పనిలో మాకు అసలు గురువు ఆ ఊరి ఆశా కార్యకర్త. సంస్థ ఇచ్చిన పట్టిక ప్రకారం ఉదయం ఎనిమిదింటికి వెళితే ఇళ్లన్నీ తాళాలే. అందరూ ఉపాధి హామీ పనికి వెళ్లి ఉంటారని చెప్పి, ఆమె మా సర్వేను సాయంత్రానికి మార్పించారు. ప్రశ్నావళిలో ‘రోజుకు ఎన్ని గ్లాసుల నీరు తాగుతారు’ అని ఉంది. చెంబుతో తాగేవారికి ఆ లెక్క ఎలా తెలుస్తుంది? అంతకంటే పెద్ద లోపం, వంటనీటి గురించి అందులో ఒక్క ప్రశ్నా లేకపోవడం. చాలా ఇళ్లలో తాగడానికి క్యాను నీళ్లు కొంటారు, అన్నానికీ పప్పుకూ టీకీ మాత్రం బోరునీళ్లే వాడతారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. ఈ సంగతి మేము చెప్పినప్పుడు పర్యవేక్షకురాలు వెంటనే ఒప్పుకుని, రెండో వారం నుంచి ఆ ప్రశ్న చేర్పించారు. అది మెచ్చుకోదగిన విషయం.

ఒక పెద్దాయనను గడ్డం ఛాతీకి ఆనించమంటే, మెడ వంగక, నడుము నుంచి ముందుకు ఒరిగారు. ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి చేసే తేలికపాటి పరీక్ష అది. పుస్తకంలో నాలుగు సార్లు చదివినా ఆ రోజు దాకా నాకు అర్థం కాలేదు.

ఇక నన్ను బాధించిన విషయానికి వస్తాను. మేము ఇంటింటి నుంచి నీటి నమూనాలు తెచ్చి, ఎర్రటి రియేజెంటు (పరీక్ష రసాయనం) కలిపి, రంగు ఎంత వెలిసిందో చూసి ఫ్లోరైడు మోతాదు నమోదు చేశాము. ఆ ఫలితాలు విదేశానికి వెళ్లాయి గానీ నీళ్లిచ్చిన ఇళ్లకు వెళ్లలేదు. చివరి వారం ఒక పెద్దమ్మ గుమ్మంలోనే ఆపి, ‘ఏందమ్మాయ్, సీసాలో పట్టుకుపోతిరి గదా, మా నీళ్లు మంచియా కాదా?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పరిశోధన ముగిసేదాకా వివరాలు బయటపెట్టకూడదని సంస్థ చెప్పింది. ఎవరి నీటి సంగతి వారికే చెప్పకపోవడం ఏ నియమం కింద సరైనదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంటర్న్‌లం ముగ్గురం కలిసి పట్టుబట్టగా, చివరకు బోరుల వారీగా ఒక జాబితా గ్రామ సచివాలయానికి ఇచ్చేందుకు అంగీకరించారు. ఇళ్లకు మాత్రం కాగితం వెళ్లలేదు.

రుసుము 12,000 రూపాయలు, అందులోనే బస, భోజనం. స్టైపెండు లేదు. గది శుభ్రంగా ఉంది, భోజనం ఫర్వాలేదు. రోహిణి కార్తె ఎండల్లో తిరగాలి కనుక గొడుగు, ఓఆర్‌ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. ధ్రువపత్రం పది రోజుల్లో వచ్చింది.

వచ్చే వేసవిలో చేరేవారు రుసుము కట్టకముందే, నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ ఫలితం తెలుగులో ఎప్పుడు అందుతుందో సంస్థను అడిగి, ఆ తేదీని రాతపూర్వకంగా తీసుకోండి.