ఫిర్యాదు బటన్ అంటించిన జబ్బు

నాలుగేళ్లుగా ఒకే చదరంగం యాప్‌లో ఆడుతున్నాను. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర మాకు మందుల దుకాణం ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు బేరం ఉండదు, పది నిమిషాల ఆటలు మూడో నాలుగో అయిపోతాయి. బొమ్మలు, పాఠాలు, చందాల సంగతి అందరికీ తెలిసిందే. నా గొడవంతా ఆట ముగిశాక మూలన కనిపించే ఫిర్యాదు బటన్‌తోనే.

మొదట్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఒకరోజు ఎదుటివాడు ప్రతి ఎత్తుకూ ఏడెనిమిది సెకన్లే తీసుకున్నాడు. ఊరికే దొరికిన బంటును కొట్టడానికీ అంతే, ఏనుగును బలి ఇవ్వడానికీ అంతే. మనిషి అలా ఆడడు. తప్పనిసరి ఎత్తు చటుక్కున వేస్తాడు, చిక్కు దగ్గర తల గోక్కుంటాడు. పక్కన స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామ్ తెరిచి, అది చెప్పింది వేసేవాడికే ఆ తాళం కుదురుతుంది. ఫిర్యాదు చేశాను. రెండు వారాలకు, ప్రత్యర్థి నిబంధనలు మీరాడనీ, నేను పోగొట్టుకున్న 9 పాయింట్లు తిరిగి జమ చేశామనీ సందేశం వచ్చింది. ఆ రోజు మందులకు వచ్చిన వాళ్లందరికీ అది చూపించాను.

అక్కడే జబ్బు పట్టుకుంది. 2021లో విరాళాల కోసం పెట్టిన ఆటలో విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించిన వ్యాపారవేత్త నిఖిల్ కామత్, కంప్యూటర్ సాయం తీసుకున్నానని మర్నాడు తానే ఒప్పుకున్నాడు. ఆనంద్‌కే తప్పనిది నాకు తప్పుతుందా అనుకుంటూ, ఓడిన ఆటల్లో సగానికి బటన్ నొక్కేవాణ్ని. ఇప్పటికి 31 ఫిర్యాదులు, పాయింట్లు తిరిగొచ్చినవి మూడు. మిగతా 28 మంది ఏమయ్యారో యాప్ చెప్పదు. ఇంకా దొరకలేదని సర్దిచెప్పుకున్నాను గానీ, నన్ను నిజాయితీగానే ఓడించారేమో అని ఒక్కసారీ అనుకోలేదు.

మా వీధిలో రిటైరైన లెక్కల సార్ ఉన్నారు. ఆయనకు ఖాతా తెరిచిపెట్టింది నేనే. ఒక సాయంత్రం ఏడు ఎత్తుల్లో నా ఆట కట్టించారు. యాప్ విశ్లేషణలో ఆయన ఖచ్చితత్వం, అంటే కంప్యూటర్ మెచ్చే ఎత్తులకు ఎంత దగ్గరగా ఆడారన్న లెక్క, 98 శాతం. చేయి ఆగలేదు, నొక్కేశాను. నాలుగు రోజులు ఆయన ఇంటి వైపే వెళ్లలేదు. ఐదో రోజు బీపీ మాత్రల కోసం వచ్చి, "ఏం నాయనా, ఆటకు రావడం లేదు?" అన్నారు. ఆ 98 చూపించాను. ఆయన నవ్వి, కౌంటర్ మీద బోర్డు పరిపించి అదే ఆట వేశారు. గుర్రం మంత్రిని గాలికి వదిలేసి నడిబోర్డులోని బంటును కొట్టింది, నేను ఆశపడి మంత్రిని మింగాను, శకటు చెక్ చెప్పింది, రెండో గుర్రం పని ముగించింది. 18వ శతాబ్దపు పారిస్ ఆటగాడు లెగాల్ పేరు మీద ఉన్న ఉచ్చు అది, ఆయన కాలేజీ హాస్టల్‌లో నేర్చుకున్నారట. "ఏడు ఎత్తుల్లో తప్పు చేయడానికి చోటెక్కడుంది?" అన్నారు. ఫిర్యాదు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన ఖాతాకు ఏమీ కాలేదు. నా ఒక్కడి అనుమానాన్ని యాప్ లెక్కచేయకపోవడం మంచిదే అయింది. కానీ నొక్కింది వెనక్కి తీసుకునే దారి మాత్రం ఎక్కడా లేదు, ఎంత వెతికినా.

పన్నెండు వందల రేటింగ్‌తో కాలక్షేపానికి ఆడే నాకు ఈ యాప్ చాలు. డబ్బు బహుమతుల పోటీలు ఆడేవారి లెక్క వేరు, వాళ్లకు నేను చెప్పలేను. సార్ ఇప్పటికీ రాత్రి తొమ్మిదికి ఆటకు పిలుస్తారు. ఆ పిలుపు రావడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆయన ఖాతా ఇంకా ఉందో లేదో తెరిచి చూసుకుంటాను.