సైఫానిక్ డ్రైనేజీ: ఎనిమిది వానాకాలాల తర్వాత ఖర్చు లెక్క

మాది మేడ్చల్ వైపు విత్తనాల గోడౌన్. పక్కపక్కనే రెండు షెడ్లు, రెండూ ఒకే కొలత: 96 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు, నడిమధ్యన వ్యాలీ గట్టర్ (రెండు వాలు కప్పులు కలిసే చోట వాననీళ్ల కాలువ), రెండు అంచులకూ మామూలు గట్టర్లు. 2012లో కట్టిన పాత షెడ్డుకు అందరికీ తెలిసిన పీవీసీ డౌన్‌పైపులు. 2017 వేసవిలో లేచిన కొత్తదానికి సైఫానిక్, అంటే గాలి చొరబడకుండా పైపు నిండా పారించి, కప్పు మీది వాననీళ్లను కొద్ది పైపులతోనే లాగేసే పద్ధతి. రెండింటి మీదా పడేది అదే వాన, రెండింటి మెయింటెనెన్సూ నా నెత్తి మీదే.

కొత్త షెడ్డుకు రెండు రకాల కొటేషన్లూ తెప్పించాం. పైకప్పు నుంచి నేల దాకా పైపుల పని వరకు చూస్తే మామూలు పద్ధతికి 5 లక్షలు, సైఫానిక్‌కు 13 లక్షలు. మా ఓనరుగారు కాగితం పక్కన పడేసి, "నీరు పల్లమెరుగు అంటారు కదయ్యా, అది కిందికి దిగడానికి 8 లక్షలు ఎక్కువ ఎందుకు?" అన్నారు. నాకూ సమాధానం తోచలేదు. సైట్ ఇంజినీరు మాత్రం రెండో పేజీ తిప్పి నేల కింద పని చూడమన్నాడు. మామూలు పద్ధతిలో 36 డౌన్‌పైపులు. అందులో వ్యాలీ గట్టర్‌వి 12, షెడ్డు లోపల స్తంభాల వెంటే దిగాలి. వాటి కోసం ఫ్లోరింగ్ కింద హ్యూమ్ పైపులు (లావు సిమెంటు పైపులు), వరసగా ఛాంబర్లు, తవ్వకం, మళ్ళీ పూడ్చడం: 9 లక్షలు. సైఫానిక్‌లో దిగే పైపులు మొత్తం నాలుగే, నాలుగూ గోడ బయటే. నేల పని 3 లక్షల్లో తేలిపోయింది. అంటే 14కీ 16కీ పోటీ. తేడా 2 లక్షలు. రేట్లు ఇప్పుడు మారి ఉంటాయి, కానీ లెక్క వేసే తీరు అదే: పైపుల ఖరీదొక్కటే చూస్తే మోసపోతాం.

ఇంత తక్కువ పైపులతో ఎలా సరిపోతుందని నేనూ నమ్మలేదు. మామూలు పైపులో నీళ్లు గోడ పట్టుకుని సుడి తిరుగుతూ దిగుతాయి, మధ్యనంతా గాలే. అందుకే అంత లావు పైపు కావాలి. సైఫానిక్ అవుట్‌లెట్, అంటే గట్టర్ నీళ్లు పైపులోకి దిగే చోటు, దాని మీద పళ్ళెం లాంటి రేకు ఒకటి ఉంటుంది, బాఫిల్ అంటారు. అది సుడిని ఆపి గాలిని లోపలికి పోనివ్వదు. పైపు నిండుగా పారుతుంది, దిగే నీళ్లు వెనకున్న నీళ్లను లాగుతాయి. డ్రమ్ములోంచి కిరసనాయిలు రబ్బరు ట్యూబుతో లాగేవాళ్ళం చూడండి, అదే సూత్రం. అడ్డంగా పోయే పైపుకు వాటం కూడా అక్కర్లేదు. ఫిన్లండ్‌లో 1960ల చివర్లో పుట్టిన పద్ధతట ఇది.

ఆ 2 లక్షల తేడా ఎన్నాళ్ళు నిలిచిందో చెప్తాను. 2016 సెప్టెంబరు వానలకు పాత షెడ్డులో లోపలి పైపు జాయింటు ఒకటి వదిలింది. ఆదివారం కావడంతో ఎవరూ చూసుకోలేదు. వారం తర్వాత బస్తాలు కదిపితే అడుగు వరసలో మొక్కజొన్న గోనెలోంచి తెల్లటి మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి. సరే, అది కొత్త షెడ్డు కట్టకముందు సంగతి. 2019లో మళ్ళీ అదే పాత షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారి కింద హ్యూమ్ పైపు కుంగి మట్టితో పూడుకుపోయింది. ఫ్లోరింగ్ కోయించి, పైపు మార్పించి, మళ్ళీ కాంక్రీటు పోయించేసరికి 1 లక్షా 80 వేలు, ఆరు రోజులు ఒక వైపు లోడింగ్ బందు. ఒక్క దెబ్బకు దాదాపు సమం అయిపోయింది.

సైఫానిక్‌కూ లోటుపాట్లు ఉన్నాయి, తక్కువేం కాదు. 2018 జూన్‌లో గట్టర్ శుభ్రం చేయడానికి బయటి ప్లంబరును పిలిచాం. మూడు అవుట్‌లెట్ల బాఫిల్ రేకులు ఊడదీసి, ఇవుంటే నీళ్లు ఆగుతాయని మూలన పడేసి వెళ్ళాడు. తర్వాతి పెద్దవానకు పైపులు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేశాయి, గట్టర్ పొంగి గోడ మీంచి కారింది. నేను నిచ్చెనెక్కి చూస్తే అవుట్‌లెట్ దగ్గర నీళ్లు గిర్రున సుడి తిరుగుతూ గాలి మింగుతున్నాయి. తెల్లారి రేకులు వెతికి బిగించాం, అంతే, సర్దుకుంది. అప్పటినుంచీ రెండు స్పేర్ రేకులు నా టేబుల్ డ్రాయర్‌లో తాళం వేసి ఉంటాయి.

2020 అక్టోబరు 13 రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటిందని తర్వాత పేపర్లో చదివాం. అయితే పైకప్పుకు రోజు లెక్కతో పని లేదు, పది నిమిషాల్లో ఎంత కురిసిందన్నదే ముఖ్యం. మా డిజైన్ గంటకు 150 మిల్లీమీటర్లు, అంటే పది నిమిషాలకు 25. చినుకులప్పుడు సైఫానిక్ కూడా మామూలు పైపులాగే పారుతుంది. వాన ఉధృతమయ్యాక కాసేపు గురగురమని, ఉన్నట్టుండి ఒకటే హోరు ఎత్తుకుంటుంది. బయట ఛాంబర్ మీద జాలీ అదురుతూ ఉంది. గట్టర్ పొంగలేదు. పాత షెడ్డులో రెండు చోట్ల పొంగింది, ముందే ప్యాలెట్లు జరిపి ఉంచాం కాబట్టి బతికిపోయాం.

రిపేరు మాత్రం అందరి వల్లా కాదు. సైఫానిక్‌కు వాడిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వెల్డింగుకు మిషను కావాలి, సొల్యూషన్ పూసి అతికించే పని కాదు. ఒక బ్రాకెట్ వదిలితే మనిషిని రప్పించడానికే 22 వేలు అయింది. మార్పులూ కుదరవు. 2022లో లోడింగ్ దగ్గర చిన్న రేకుల పందిరి వేసి ఆ నీళ్లు ఈ పైపులోకే కలుపుదామన్నారు ఓనరుగారు. కలిపితే గాలి చొరబడి మొత్తం చెడుతుందని చెప్పి ఆపాను. పందిరికి వేరే పీవీసీ పైపు దింపాం.

మా ఆఫీసు గదుల స్లాబుకు కూడా సైఫానిక్ వేయిద్దామా అని ఎవరో అడిగారు. రెండు పైపులతో తీరే చోట దీనితో పనేముంది? పెద్ద షెడ్డు ఉండి, లోపల నేల తవ్వడం ఇష్టం లేకపోతే వేయించండి. కానీ గట్టర్ చివర ఓవర్‌ఫ్లో రంధ్రాలు (గట్టర్ నిండితే నీళ్లు బయటికి పోయేవి) ఉన్నాయో లేదో డ్రాయింగులో ముందే చూసుకోండి. మాకు అవి మొదటి డ్రాయింగులో లేవు, అడిగి పెట్టించుకున్నాం.