క్రాకోవ్‌లో పెద్దవాళ్లకు ఫెన్సింగ్ నేర్పే ఓ చిన్న క్లబ్బు

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆఫీసు అయ్యాక జిమ్ కాకుండా ఇంకేమైనా నేర్చుకోవాలని చూస్తుంటే, వాళ్లకోసం ఇది రాస్తున్నాను. ఓ స్కూలు హాల్లో సాయంత్రం పూట ఫెన్సింగ్, అంటే కత్తులతో ఆడే ఆట, క్లాసులు జరుగుతాయి. పెద్దవాళ్లకి, అదీ అసలేమీ రానివాళ్లకి, ఫాయిల్‌తో మొదలుపెడతారు. ఈ ఆటలో వాడే మూడు రకాల కత్తుల్లో అదొకటి, మిగతా రెండు ఎపే, సేబర్. చలికాలం అంతా వెళ్లాను, ఇంకా వెళ్తున్నాను. నెలకి 220 జ్లోటీలు. కత్తి, మాస్క్, జాకెట్ అన్నీ క్లబ్బువే. మనం తీసుకెళ్లాల్సింది ట్రాక్ ప్యాంటు, హాల్లో వేసుకునే బూట్లు, మంచినీళ్ల సీసా. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటి ఎందుకో తర్వాత చెప్తాను.

నన్ను ఈ ఆట వైపు లాగింది వాండా దుబియెన్‌స్కా. 1895లో క్రాకోవ్‌లోనే పుట్టిన మనిషి. టెన్నిస్‌లో పోలండ్ ఛాంపియన్. మంచు పడితే స్కీయింగ్ పోటీలు. వీటికి తోడు ఫెన్సింగ్. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి పోలండ్ పంపిన జట్టులో ఆడమనిషి ఆవిడ ఒక్కరే. పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమై అప్పటికి ఆరేళ్లు. సమ్మర్ ఒలింపిక్స్‌కి ఆ దేశం వెళ్లడం అదే మొదలు, ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఫెన్సింగ్ పెట్టడం కూడా అదే మొదలు. అదీ ఫాయిల్ ఒక్కటే. ఆడవాళ్ల ఎపే రావడానికి 1996 దాకా, సేబర్ రావడానికి 2004 దాకా పట్టింది. దుబియెన్‌స్కా మొదటి దశ దాటలేదు. స్వర్ణం డెన్మార్క్‌కి చెందిన ఎలెన్ ఓసియెర్‌కి వెళ్లింది. అందుకేనేమో, 1928లో డిస్కస్‌లో పోలండ్‌కి మొట్టమొదటి స్వర్ణం తెచ్చిన హలీనా కొనోపాట్స్కా పేరు చెప్పే ఆఫీసువాళ్లు కూడా దుబియెన్‌స్కా ఎవరని నన్నే అడుగుతారు. ఆవిడ ఊళ్లో ఉంటూ ఇలా జరగడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక క్లాసు సంగతి. మా కోచ్ అరవై దాటిన ఆవిడ. మొదట్లో చాలా రోజులు కత్తి చేతికివ్వరు. అంతా కాళ్లతోనే పని. మోకాళ్లు వంచి నిలబడటం, తల పైకీ కిందకీ ఊగకుండా ముందుకీ వెనక్కీ జరగడం, ఆ తర్వాత లంజ్, అంటే ముందుకాలు బాగా చాపి ఎదుటివాళ్ల మీదకి వేసే పెద్ద అడుగు. దీనికోసం ఆవిడ చేయించేది ఒకటుంది. ముందుకాలి మడమ కింద రెండు జ్లోటీల బిళ్ల పెడతారు. లంజ్ చేసేటప్పుడు మడమ నేలకి రాసుకుంటూ వెళ్తే ఆ బిళ్ల చెక్కనేల మీద సర్రున ముందుకి జారుతుంది. కాలు గాల్లోకి లేపి దబ్బున వేశామా, బిళ్ల అక్కడే ఉంటుంది. ఆవిడ ఏమీ అనరు, బిళ్ల వైపు చూస్తారంతే. ముందు చెయ్యి చాపాలి, ఆ తర్వాతే కాలు కదలాలి. చెప్పడానికి తేలికే. వంటికి పట్టేసరికి తొడలు మంట పుట్టాయి, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది.

కత్తి అర కిలోకి మించదు, అయినా పది నిమిషాలకి మణికట్టు లాగేస్తుంది. దెబ్బ మొండెం మీద పడితేనే లెక్క. మొండెం మీద మెటల్ దారాలతో నేసిన మెరిసే జాకెట్ వేస్తారు, చేతి లోపలినుంచి తీగ లాగి మిషన్‌కి కలుపుతారు. దెబ్బ అక్కడ తగిలితే రంగు లైటు, ఇంకెక్కడైనా తగిలితే తెల్ల లైటు. కోచ్ అర కిలో తూకం తెచ్చి కత్తి మొనమీద నిలబెట్టి, లోపలి స్ప్రింగ్ దాన్ని పైకి లేపుతోందో లేదో ఎవరి కత్తి వాళ్లచేతే చూపిస్తారు. ఇలా సామాను గురించి కూడా నేర్పడం నాకు బాగా నచ్చింది. దుబియెన్‌స్కా ఆడిన రోజుల్లో ఈ తీగలు, లైట్లు లేవు. చుట్టూ నిలబడ్డ జడ్జీలు కళ్లతో చూసి చెప్పేవాళ్లు. ఫాయిల్‌కి కరెంటు మిషన్ 1950లలో గానీ రాలేదు. ఒక్కసారి మిషన్ తీసేసి మమ్మల్నే జడ్జీలుగా నిలబెట్టారు. కళ్లముందు పడ్డ దెబ్బ మీద నలుగురం నాలుగు మాటలు చెప్పాం. సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన సాయంత్రం అదే.

క్లాసు అయ్యాక నీళ్లు తాగుతూ కబుర్లు నడుస్తాయి. 2000 సిడ్నీలో పోలండ్ అమ్మాయిల ఫాయిల్ జట్టుకి వచ్చిన రజతం, 2004 ఏథెన్స్‌లో సిల్వియా గ్రుఖావా సాధించిన కాంస్యం, ఇవన్నీ కోచ్‌కి నిన్నమొన్నటి సంగతులే. 2024లో మళ్లీ పారిస్‌లోనే, ఎపే జట్టు చైనా మీద 32-31తో కాంస్యం గెలిచింది. దుబియెన్‌స్కా ఒంటరిగా వెళ్లిన ఊరికే సరిగ్గా వందేళ్ల తర్వాత! ఆ మాట అంటున్నప్పుడు కోచ్ గొంతు మారింది.

ఇక ఆ తగ్గించిన మార్కు. ఆడవాళ్ల కొలతకి సరిపోయే జాకెట్లు చాలా తక్కువ. ఆలస్యంగా వెళ్తే మగవాళ్లది దొరుకుతుంది, భుజాల దగ్గర వేలాడుతుంది, చంక దగ్గర పట్టేస్తుంది. లోపల వేసుకునే ఛాతీ గార్డు నేను సొంతంగా కొనుక్కున్నాను, మీరూ అదే చెయ్యండి. మాస్కుల లోపలి గుడ్డ ఇంకా తరచుగా ఉతకాలి. క్లాసు రద్దయినప్పుడు మెసేజ్ పోలిష్‌లో మాత్రమే వస్తుంది, ట్రాన్స్‌లేట్ యాప్ చేతిలో ఉండాల్సిందే. హాల్లో మాత్రం భాష సమస్య కాలేదు. కోచ్ ఇంగ్లిష్ కొద్దిగానే మాట్లాడతారు, మిగతాది మన భుజం పట్టుకుని సరిచేస్తారు.

మోకాలి నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి రండి. ఎడమచేతి వాటం వాళ్లయితే చేరేముందే ఒక మెయిల్ పెట్టండి, ఎడమచేతి గ్లోవులు రెండే ఉన్నాయి, జాకెట్ కూడా వెతికి పక్కన పెట్టాలి.