బాస్ ఫిషింగ్‌కి ఒక్క రోజే దొరికితే గైడ్‌తో నదికా, రిజర్వాయర్‌కా?

నేను అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా బెంగళూరు తెలుగోళ్ళ ఫిషింగ్ బ్యాచ్‌లో అందరిదీ ఇదే ప్రశ్న. ఒకడికి ఆన్‌సైట్ వచ్చింది, ఇంకో పెద్దాయన కూతురి దగ్గరికి డల్లాస్ వెళ్తున్నారు, ఇద్దరూ వేరువేరుగా ఫోన్ చేసి అడిగింది మాత్రం ఒకటే, "మధ్యలో ఒక్క రోజు ఖాళీ దొరుకుతుంది, లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి వేట చేప) కోసం గైడ్‌ని పెట్టుకుంటే నీళ్ళు తేటగా ఉండే నదికెళ్ళాలా, పెద్ద రిజర్వాయర్‌కెళ్ళాలా?" అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. రాడ్, రీల్, కాస్టింగ్ బేసిక్స్ మీకు తెలుసనే అనుకుంటున్నా.

ముందు రిజర్వాయర్ సంగతి, ఎందుకంటే గూగుల్ చేస్తే ముందు వచ్చేది అదే. టెక్సస్‌లో బాస్ అంటే లేక్ ఫోర్క్ రిజర్వాయర్, డల్లాస్‌కి తూర్పు వైపు, కారులో రెండు గంటల లోపే. ఆ రాష్ట్రం లార్జ్‌మౌత్ రికార్డు 18.18 పౌండ్ల చేప, అంటే ఎనిమిది కిలోల పైమాటే, 1992లో పడింది ఇక్కడే. 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని కచ్చితంగా వదిలెయ్యాలని రూల్ పెట్టారు కాబట్టి పెద్ద చేపలు ఇంకా ఉన్నాయి. గైడ్ దగ్గర స్పీడ్ బోటు, దాని ముందు పెద్ద స్క్రీన్, అందులో లైవ్ సోనార్, నీళ్ళ కింద చేప కదులుతుంటే చుక్కలా కనిపిస్తుంది, అక్కడ వెయ్యి అంటాడు, వేస్తాం. పెద్ద చేపతో ఫోటో కావాలి, జీవితంలో ఒక్కసారి చాలు అనుకునేవాళ్ళకి నేను వేరే మాట చెప్పను, అక్కడికే వెళ్ళండి. మంచి గైడ్ దొరికితే మన దగ్గర ఊహించలేని సైజు పడే ఛాన్స్ నిజంగానే ఉంది.

కానీ నన్నడిగితే నదే. దానికి ఒకే ఒక్క కారణం, చేప కంటికి కనిపించడం.

నేను వెళ్ళింది శాన్ మార్కోస్ నదికి. ఆస్టిన్ నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుంది. ఎడ్వర్డ్స్ అక్విఫర్ అనే సున్నపురాయి పొరల్లోంచి ఊటగా పైకొచ్చే నీళ్ళు, ఏడాది పొడుగునా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి, పైభాగంలో అయితే అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. గైడ్ చిన్న రాఫ్ట్‌ని ప్రవాహంలో వదిలి తెడ్లతో వెనక్కి పట్టి ఉంచుతాడు, మనం ముందు కూర్చుని వేస్తాం. ఒక చెట్టు వేరు కింద నీడలో బాస్ ఉందని చూపించాడు, నాకు మొదట నాచు తప్ప ఏమీ కనబడలా, పోలరైజ్డ్ కళ్ళద్దాల్లోంచి కాసేపు చూస్తే తోక ఆడడం తెలిసింది. దాని నెత్తిన కాకుండా అవతలికి, ఎగువకి వెయ్యమన్నాడు. వానపాములా ఉండే సాఫ్ట్ ప్లాస్టిక్ వార్మ్ ఎర నెమ్మదిగా కిందకి జారుతుంటే చేప బయటికొచ్చింది, జానెడు దూరంలో ఆగింది, పక్క రెక్కలు మాత్రం ఆడుతున్నాయి. నా చెయ్యి లాగబోతోంది, "కదపొద్దు" అన్నాడు. ఎర ఇంకో రెండు అంగుళాలు దిగింది, చేప నోరు తెల్లగా తెరుచుకుంది, ఎర మాయం. చేప పక్కకి తిరిగాక రాడ్‌ని గట్టిగా లాగి కొట్టమన్నాడు, కొట్టా, పడింది.

పెద్ద సైజు కాదు. అయినా కొర్రమీను మీద ఇన్నేళ్ళు ఫ్రాగ్ (కప్పలా ఉండే ఎర) వేసి నేర్చుకోనిది ఆ ఒక్క చేప దగ్గర అర్థమైంది. మన చెరువుల్లో నీళ్ళు పచ్చగా ఉంటాయి, గుర్రపుడెక్క మధ్యలో ఫ్రాగ్ లాగుతాం, డబ్ మని కొడితే తెలుస్తుంది, కొట్టకపోతే అక్కడ చేప లేదో, ఉండి వద్దనుకుందో, వచ్చి చూసి పోయిందో ఎప్పటికీ తెలియదు. తేట నీళ్ళలో ఆ వద్దనుకోవడం కనిపిస్తుంది. లైన్ నీడ తన మీద పడగానే బెదిరింది, ఎర మరీ జోరుగా లాగితే మొహం తిప్పేసింది, రాఫ్ట్ అంచుకి తెడ్డు తగిలి టక్‌మంటే ఆ మడుగు మొత్తం ఖాళీ. రిజర్వాయర్‌లో స్క్రీన్ మీది చుక్క చేప ఎటు వెళ్ళిందో చెప్తుంది గానీ ఎందుకు వెళ్ళిందో చెప్పదు. అందుకే గైడ్‌కి ఇచ్చే డబ్బుకి నదిలో ఎక్కువ విలువ అంటున్నా, అతను చెప్పింది కరెక్టో కాదో మన కళ్ళతోనే అప్పటికప్పుడు చూసుకోవచ్చు.

గేర్ విషయంలో మనోళ్ళకి అలవాటు మార్చుకోవడం కష్టమవుద్ది. ఇక్కడ నాచులోంచి కొర్రమీనుని ఈడ్చుకురావాలంటే 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) కావాలి, అక్కడ తేట నీళ్ళలో అది తాడులా కనిపిస్తుంది. 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్ వాడతారు, దాని రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (వెలుగుని వంచే గుణం) నీళ్ళకి దగ్గరగా ఉంటుంది కాబట్టి చేపకి తక్కువ తెలుస్తుంది. ఎర కూడా బురద ఆకుపచ్చ లాంటి రంగులే, మెరుపులు వద్దు. ఇంకోటి, కొర్రమీను పళ్ళకి భయపడి మనం గ్రిప్పర్ లేకుండా ముట్టుకోం, బాస్‌కి ఆ పళ్ళుండవు, నోరు గరుకు కాగితంలా ఉంటుంది, కింది పెదవి బొటనవేలితో పట్టుకోవచ్చు. పెద్ద చేపైతే ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టండి, ఒక్క దవడ మీద అంత బరువు వేలాడదీయొద్దు.

ఈ నదిలో గ్వాడలూప్ బాస్ కూడా పడొచ్చు. టెక్సస్ రాష్ట్ర చేప అదే, 1989 నుంచి, మధ్య టెక్సస్ నదుల్లో తప్ప ఎక్కడా సహజంగా ఉండదు. లార్జ్‌మౌత్ నోటి చివర కన్ను దాటి వెనక్కి పోతుంది, దీనిది దాటదు, అది చూసి గుర్తుపట్టండి.

నదికి ఇబ్బందులు లేవని కాదు. వేసవి వీకెండ్లలో ట్యూబుల మీద తేలే జనం కిక్కిరిసి ఉంటారు, వీక్‌డే పొద్దున్నే తప్ప వెళ్ళొద్దు. ఊరి దిగువన బ్లాంకో నది వచ్చి కలుస్తుంది, గట్టి వాన పడితే అక్కడి నుంచి కింద తేట పోతుంది, కాబట్టి ముందు రోజు గైడ్‌తో నీళ్ళ రంగు కనుక్కోండి. అక్కడ చాలామంది గైడ్లు ఫ్లై ఫిషింగ్ వాళ్ళు, స్పిన్నింగ్ రాడ్ ఉంటుందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. నీళ్ళలో పొడుగ్గా ఊగే టెక్సస్ వైల్డ్ రైస్ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క, ఈ నది తప్ప దానికి వేరే చోటు లేదు, ఎర అందులో చిక్కుకుంటే పీకేయకుండా లైన్ తెంపుకోండి.

వసంతంలో వెళ్ళేవాళ్ళు గైడ్‌ని ఇంకో మాట కూడా అడగాలి, గుడ్ల మీద ఉన్న చేపకి వేయిస్తావా అని. తేట నీళ్ళలో గూడు తెల్లటి గుండ్రంలా స్పష్టంగా కనిపిస్తుంది, మగ చేప దాన్ని వదలదు, ఏం వేసినా కొడుతుంది. చట్టం ఒప్పుకుంటుంది గానీ నాకు ఇష్టం లేదు, మగ చేప గాలానికి ఉన్న ఆ కాసేపట్లో పక్కనుండే చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. అలాంటివాటిని వదిలేసి ముందుకెళ్ళే గైడ్‌నే నేను ఎంచుకుంటా.

ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళకి రెయిన్‌బో నది ఉంది, అదీ ఊట నీళ్ళే, ఇదే లెక్క. గైడ్ లేకుండా ఒడ్డు మీంచి సొంతంగా వేసుకోవచ్చా అంటే వేసుకోవచ్చు, ఒక్క రోజుకి మాత్రం నేను చెప్పను. కావేరిలో మహసీర్ ఉంది కదా అక్కడిదాకా ఎందుకు అనేవాళ్ళకి, అభయారణ్యం భాగంలో గాలం వెయ్యడం ఎప్పుడో ఆపేశారు, హంప్‌బ్యాక్ మహసీర్ 2018 నుంచి క్రిటికల్లీ ఎండేంజర్డ్ లిస్టులో ఉంది, దాన్ని దీనితో పోల్చొద్దు.

డబ్బులు నదికైనా రిజర్వాయర్‌కైనా పెద్ద తేడా లేదు, ఫుల్ డే అంటే కొన్ని వందల డాలర్లు, పైన 15–20 శాతం టిప్ అక్కడి ఆనవాయితీ. టెక్సస్‌లో గైడ్‌కి లైసెన్స్ ఉన్నా మనకి వేరేగా కావాలి, 17 ఏళ్ళు నిండినవాళ్ళకి. నేను తీసుకున్నప్పుడు బయటివాళ్ళకి ఒక్క రోజుది 16 డాలర్లు, ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, ముందు రోజు రాత్రి తీసేసి ఫోన్లో పెట్టుకోండి.