కాథలిక్ లీగా, ఇంటి పక్క పబ్లిక్ స్కూలా: బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఏది మేలు?

ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, చాంటిల్లీ, హెర్న్‌డన్ వైపు తెలుగు ఇళ్లలో ఎనిమిదో క్లాసు పిల్లలు బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంటే ఈ చర్చ రాక మానదు. దగ్గరి పబ్లిక్ హైస్కూల్లోనే వేద్దామా, లేక ఫీజు కట్టి డబ్ల్యూసీఏసీ స్కూల్లో చేర్పిద్దామా? డబ్ల్యూసీఏసీ అంటే వాషింగ్టన్ కాథలిక్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. డీసీ, మేరీల్యాండ్, వర్జీనియాల్లోని కాథలిక్ హైస్కూళ్ల లీగు. ఇందులో ఉన్న పాల్ ద సిక్స్త్ స్కూలు 2020లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి చాంటిల్లీకి మారడంతో ఈ చర్చ మన గుమ్మంలోకే వచ్చింది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువమంది పిల్లలకు పబ్లిక్ స్కూలే మేలు. అయితే ఆ లీగు గొప్పతనం తెలుసుకోకుండా ఈ మాట అనేస్తే అన్యాయం.

మేరీల్యాండ్‌లోని హయట్స్‌విల్‌లో డిమాథా అనే స్కూలుంది. అక్కడ మోర్గన్ వూటెన్ 1956 నుంచి 2002 దాకా కోచ్‌గా పనిచేసి 1,274 మ్యాచ్‌లు గెలిచారు, ఓడినవి 192. 1965 జనవరిలో న్యూయార్క్ నుంచి పవర్ మెమోరియల్ జట్టు వచ్చింది. అది వరుసగా 71 మ్యాచ్‌లు గెలిచిన కాథలిక్ స్కూలు. అందులో ఆడుతున్న ఏడడుగుల కుర్రాడే తర్వాత ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో దిగ్గజమైన కరీమ్ అబ్దుల్ జబ్బార్. అతని చేతుల మీదుగా బంతి వేయడం అలవాటు కావాలని వూటెన్ ప్రాక్టీసులో తన ఆటగాడి చేతికి టెన్నిస్ రాకెట్ ఇచ్చి పైకెత్తి నిలబడమన్నారు. డిమాథా 46-43తో గెలిచింది. డబ్ల్యూసీఏసీ పేరు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకే గానీ, ఈ ప్రాంతపు కాథలిక్ స్కూళ్ల ఆటకు ఇంత పేరు రావడానికి ఆ రాత్రి పెద్ద కారణం.

ఇప్పటికీ అదే స్థాయి. 2017లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా పిలిచిన మార్కెల్ ఫల్ట్స్‌కు డిమాథాలో పదో తరగతిలో వార్సిటీలో, అంటే స్కూలు ప్రధాన జట్టులో, చోటు దక్కలేదు, ఆ ఏడాది దాని కింది జట్టు జేవీలోనే ఆడాడు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం మీద కాసేపు ఆగి ఆలోచించాలి. అంతటివాడే వేచి చూడాల్సి వచ్చిందంటే, మన ఇంటి ముందు హూప్ కింద బాగా ఆడే పిల్లాడికి కోర్టులో ఎన్ని నిమిషాలు దక్కుతాయి? పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఆట వచ్చేది మ్యాచ్ ఆడితేనే. బెంచీ మీద కూర్చుని మంచి ఆట చూసినంత మాత్రాన చేయి తిరగదు.

పబ్లిక్ స్కూల్లో ఫీజు లేదు, ప్రయాణం తక్కువ, గ్యాలరీలో కూర్చునేది క్లాస్‌మేట్లే. స్థాయి తక్కువన్న మాట అన్ని చోట్లా నిజం కాదు. డ్యూక్ యూనివర్సిటీకి, అక్కడి నుంచి ఎన్‌బీఏకి వెళ్లిన గ్రాంట్ హిల్ చదివింది రెస్టన్‌లోని సౌత్ లేక్స్ పబ్లిక్ హైస్కూల్లోనే. పైగా కాలేజీ కోచ్‌లు పిల్లల్ని చూసేది చాలావరకు వేసవిలో, స్కూళ్లతో సంబంధం లేని క్లబ్ జట్లు ఆడే ఏఏయూ టోర్నమెంట్లలో. అక్కడ నువ్వు ఏ స్కూలని ఎవరూ అడగరు.

ఖర్చు సంగతి. కాథలిక్ స్కూల్లో ఏటా వేల డాలర్లు. ఆర్లింగ్టన్ డయాసిస్ (ఉత్తర వర్జీనియా కాథలిక్ చర్చి పాలనా విభాగం) స్కూళ్లలో కాథలిక్ కాని కుటుంబాలకు ఇంకా ఎక్కువ. మత పాఠం కూడా అందరికీ తప్పనిసరి. దాన్ని ఇబ్బందిగా చూడనక్కర్లేదు గానీ, చేరేముందు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. లీగు మ్యాచ్‌ల కోసం పోటోమాక్ దాటి దక్షిణ మేరీల్యాండ్‌లోని లియొనార్డ్‌టౌన్ దాకా వెళ్లాలి. మర్నాడు కెమిస్ట్రీ పరీక్ష ఉన్నా సరే.

మరి ఆ లీగు ఎవరికి? ఎనిమిదో క్లాసుకే ఏఏయూ జట్టులో ముఖ్యమైన ఆటగాడిగా నిలబడి, ఆ స్కూలు కోచ్ తనంతట తాను పిలిచిన పిల్లలకు. వాళ్లు రోజూ ప్రాక్టీసులో తమకంటే గట్టివాళ్లతో తలపడతారు, ఆ లాభం ఇంకెక్కడా దొరకదు. అమ్మాయిల విషయంలోనూ అంతే: డీసీలోని సెయింట్ జాన్స్‌లో ఆడిన అజీ ఫడ్ అక్కడి నుంచి యూకాన్‌కి (కనెక్టికట్ యూనివర్సిటీకి) వెళ్లింది. ఆట సంగతి పక్కన పెట్టి చదువు, క్రమశిక్షణ చూసి ఆ స్కూలు కావాలనుకునేవాళ్లూ నిశ్చింతగా చేర్పించవచ్చు. జట్టులో చోటు రాకపోయినా వాళ్లు కోల్పోయేదేమీ లేదు.

స్కాలర్‌షిప్ ఆశతో మాత్రం వద్దు. హైస్కూల్లో ఆడే అబ్బాయిల్లో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) జట్లకు చేరేది వందలో నలుగురు కూడా లేరు. మనవాళ్లు అంతగా కోరుకునే ఎమ్ఐటీ, జాన్స్ హాప్కిన్స్, కార్నెగీ మెలన్, ఎమరీల బాస్కెట్‌బాల్ జట్లు ఎన్‌సీఏఏలోని మూడో అంచె డివిజన్ త్రీలో ఆడతాయి, ఆ డివిజన్‌లో ఆటకని స్కాలర్‌షిప్పే ఇవ్వరు. కానీ కోచ్‌కు నచ్చిన ఆటగాడి దరఖాస్తుకు అడ్మిషన్లలో కొంత బలం వస్తుంది. అలాంటి కోచ్‌కు పంపాలంటే పూర్తి మ్యాచ్‌లు ఆడిన వీడియో కావాలి. పబ్లిక్ స్కూల్లో మూడేళ్లు వార్సిటీ ఆడిన పిల్లాడి దగ్గర అది ఉంటుంది.

నవంబరులో జట్టు ఎంపిక కోసం జరిగే ట్రయౌట్స్‌కి ముందే కాథలిక్ స్కూలు కోచ్‌తో మాట్లాడితే ఒక్కటే అడగండి: పోయిన ఏడాది తొమ్మిదో క్లాసు జట్టులో ఆడినవాళ్లలో ఈ ఏడాది మీ దగ్గర ఎంతమంది మిగిలారు, బయటి స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? ఆ రెండు అంకెలు విన్నాకే ఫీజు చెక్కు రాయండి.