లినక్స్‌లో వైర్‌లెస్ హెడ్‌సెట్: బ్లూటూత్‌సీటీఎల్ మేలా, హెడ్‌సెట్‌కంట్రోల్ మేలా?

హెడ్‌సెట్ కొనేటప్పుడు మైక్ ఎలా ఉంది, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది అనే చూస్తాం. లినక్స్ వాడేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి: అది బ్లూటూతా, యూఎస్‌బీ డాంగిలా (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్)? టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ఏ టూల్ పనికొస్తుందో అక్కడే తేలిపోతుంది.

బ్లూటూత్‌దైతే బ్లూటూత్‌సీటీఎల్. లినక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే బ్లూజ్‌కి చెందినదే కాబట్టి చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ముందే ఉంటుంది. స్కాన్ ఆన్ కొట్టి, కనబడిన అడ్రస్‌కి పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ ఇవ్వడమే. ట్రస్ట్ వదిలేసి, మర్నాడు దానంతటది కనెక్ట్ కావట్లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. హెడ్‌సెట్ చెప్పే రకమైతే ఇన్ఫో కమాండ్‌లో బ్యాటరీ శాతం కూడా కనిపిస్తుంది.

అసలు తలనొప్పి ఆడియో ప్రొఫైల్ దగ్గర, అంటే బ్లూటూత్ శబ్దాన్ని పంపే పద్ధతి దగ్గర. పాటలకి వాడే ఏ2డీపీలో స్టీరియో ఉంటుంది, మైక్ ఉండదు. మైక్ కావాలంటే కాల్స్ కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీకి మారాలి. అక్కడ కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) సీవీఎస్‌డీ అయితే 8 కిలోహెర్ట్జ్, ఎంఎస్‌బీసీ అయితే 16, అదీ మోనోలో. అందుకే మీటింగ్ మొదలవగానే అవతలివాళ్ల గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పైగా ఈ మార్పు బ్లూటూత్‌సీటీఎల్ చేతిలో లేదు. టెర్మినల్‌లో మార్చాలంటే సౌండ్ సెట్టింగులు చూసే పీఏసీటీఎల్ అనే టూల్‌లో సెట్-కార్డ్-ప్రొఫైల్ కొట్టాలి.

డాంగిల్‌తో వచ్చే గేమింగ్ హెడ్‌సెట్లకి ఈ గొడవ లేదు. కంప్యూటర్‌కి అది మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డే. స్టీరియో, మైక్ రెండూ ఒకేసారి పనిచేస్తాయి. మిగతా సెట్టింగుల కోసం కంపెనీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కే. ఆ లోటు తీర్చేది హెడ్‌సెట్‌కంట్రోల్ అనే ఓపెన్ సోర్స్ టూల్. హైఫన్ బీ కొడితే బ్యాటరీ, ఎల్ కొడితే లైట్లు, ఐ కొడితే ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే ఆఫ్ కావాలో. నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఎస్, అంటే సైడ్‌టోన్: మైక్‌లో మాట్లాడే మన గొంతు మన చెవుల్లోనే వినిపించడం. 0 నుంచి 128 వరకు ఇవ్వొచ్చు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌సెట్‌లో మన గొంతు మనకి వినపడక తెలీకుండానే అరుస్తాం. సైడ్‌టోన్ కాస్త పెంచితే ఇంట్లోవాళ్లకి ఆ బాధ తప్పుతుంది.

ఒక చికాకు ఉంది. యూడెవ్ రూల్స్ (ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్‌కి చెప్పేవి) పెట్టకపోతే ప్రతిసారీ సూడో, అంటే అడ్మిన్ అనుమతి, కావాలి. ఆ రూల్స్ కూడా టూలే రాసిస్తుంది: హైఫన్ యూ కొడితే తెరమీద చూపిస్తుంది, వాటిని యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లో ఫైల్‌గా మనమే పెట్టుకోవాలి.

రోజంతా కాల్స్‌లో ఉండేవాళ్లకి నా ఓటు డాంగిల్‌కీ హెడ్‌సెట్‌కంట్రోల్‌కే. అదే హెడ్‌సెట్ ఫోన్‌కీ కావాలంటే బ్లూటూత్ తప్పదు. అప్పుడు ఏ2డీపీని కదిలించకుండా, మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌ది వాడుకోండి. రెండూ ఉన్న మోడళ్లు దొరుకుతాయి గానీ, హెడ్‌సెట్‌కంట్రోల్ డాంగిల్ పెట్టినప్పుడే పలుకుతుంది. కొనేముందు ఆ ప్రాజెక్టు జాబితాలో మీ మోడల్ ఉందో లేదో, ఉంటే సైడ్‌టోన్‌కి టిక్ ఉందో లేదో చూసుకోండి. అన్ని మోడళ్లకీ అన్ని ఆప్షన్లూ పనిచేయవు.